పర్యావరణ పాలసీ చదివేవాళ్లకు: విదేశంలో డిగ్రీయా, ఇంటర్న్‌షిప్పా, వాలంటీరింగా?

ఆగస్టు దాటిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, ఎన్విరాన్‌మెంటల్ పాలసీకి యూఎస్ బెటరా, జర్మనీ బెటరా?" "మాస్టర్స్‌కి డబ్బుల్లేవక్కా, ముందు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిపోవచ్చా?" మొన్న భీమవరం అమ్మాయి ఒకామె ఇంకో ప్రశ్న పంపింది. కోస్టారికాలో తాబేళ్ల గుడ్లు కాపాడే వాలంటీరింగ్ ఉందట, వారానికి ఇన్ని డాలర్లని మనమే కట్టాలట, సీవీలో పెట్టుకుంటే పనికొస్తుందా అని.

నేను జర్మనీలో రెండేళ్లు చదివాను. మధ్యలో బాన్‌లో మూడు నెలలు జీతం లేని ఇంటర్న్‌షిప్ చేశాను. ఆ అనుభవంతో, నా తోటివాళ్లు వేరే దేశాల్లో పడ్డ పాట్లతో కలిపి రాస్తున్నాను. వీసా నిబంధనలు, ఫీజులు మారుతూ ఉంటాయి. డబ్బు కట్టేముందు ఒకసారి అధికారిక సైట్‌లో సరిచూసుకోండి.

ముందు ఒక మాట: ఇది సాఫ్ట్‌వేర్ కాదు

మన ఇళ్లలో విదేశీ చదువంటే ఒకటే నమూనా. ఎమ్మెస్, ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పని చేసుకునే అనుమతి), హెచ్-1బీ. అది కంప్యూటర్ సైన్స్ వాళ్లు వేసిన బాట. జావా కోడ్ మాదాపూర్‌లో ఎలా నడుస్తుందో డాలస్‌లోనూ అలాగే నడుస్తుంది. చట్టం అలా కాదు. అమెరికాది 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్, మనది 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం. రెండేళ్ల తేడాతో వచ్చినవే. అయినా ఒకదాన్ని ఔపోసన పట్టినంత మాత్రాన రెండోది రాదు. పైగా ఈ రంగంలో పెద్ద యజమాని ఎక్కడైనా ప్రభుత్వమే, ప్రభుత్వాలేమో ముందు తమ పౌరులకే ఉద్యోగాలిస్తాయి.

అందుకే ఏ దేశం అన్న ప్రశ్నకు ముందు ఇవి తేల్చుకోండి.

ఐదేళ్ల తర్వాత ఎక్కడ పని చేస్తుంటారు? చదివిన దేశంలోనా, ఇండియాకు వచ్చా, లేక ఐక్యరాజ్యసమితి, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) లాంటి అంతర్జాతీయ సంస్థల్లోనా? మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడతాయి.

డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు? స్కాలర్‌షిప్ మీకొస్తోందా, ఫీజు మీరు కడుతున్నారా, లేక పనీ చేసి డబ్బూ మీరే కడుతున్నారా?

వీసా పని చేయనిస్తుందా? ఎన్ని గంటలు, చదువయ్యాక ఎన్ని నెలలు?

ఆఫీసులో ఏ భాష మాట్లాడతారు? క్లాసులో కాదు, ఆఫీసులో.

తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏముంటుంది? మీ పేరున్న రిపోర్టా, ఫోన్ చేస్తే ఎత్తే ఇద్దరు మనుషులా, ఫొటోలా?

డిగ్రీ: ఎక్కడ చదవాలి

| దారి | ఎంతకాలం | డబ్బు | చదువయ్యాక ఉండగలిగేది | ఆఫీసు భాష |
|---|---|---|---|---|
| అమెరికా | చాలావరకు 2 ఏళ్లు | ఫీజు భారం ఎక్కువ, అసిస్టెంట్‌షిప్ దొరికితే తగ్గుతుంది | ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సైతే మరో 24 | ఇంగ్లిష్ |
| జర్మనీ ప్రభుత్వ వర్సిటీలు | 2 ఏళ్లు | చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, ఖర్చులకు బ్లాక్డ్ అకౌంట్ | 18 నెలలు | ఎక్కువగా జర్మన్ |
| ఎరాస్మస్ ముండుస్ (యూరోపియన్ యూనియన్ ఉమ్మడి మాస్టర్స్) | 2 ఏళ్లు, రెండుమూడు దేశాలు | ఎంపికైతే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు | చివరి దేశాన్ని బట్టి | దేశాన్ని బట్టి |
| బ్రిటన్ | 1 ఏడాది | ఫీజు ఎక్కువ, కాలం తక్కువ | 2 ఏళ్లు, 2027 నుంచి 18 నెలలు | ఇంగ్లిష్ |
| థాయ్‌లాండ్, ఏఐటీ (ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) | సుమారు 2 ఏళ్లు | పైవాటికంటే బాగా తక్కువ | సొంతంగా వెతుక్కోవాలి | ఇంగ్లిష్, థాయ్ |

అమెరికాతో మొదలుపెడతాను, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. చదువు గురించి వంక పెట్టడానికేం లేదు. యేల్, డ్యూక్, మిషిగన్, ఇండియానా వర్సిటీలో ఓనీల్ స్కూల్, వీటిలో పాలసీతోపాటు ఎకనామిక్స్, గణాంకాలు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల విశ్లేషణ) గట్టిగా నేర్పుతారు. చిక్కు ఆ తర్వాతే. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే. రాష్ట్ర, నగర ప్రభుత్వాల్లో అవకాశం ఉన్నా వీసా స్పాన్సర్ చేసేవి అరుదు. మిగిలేవి కన్సల్టెన్సీలు, వర్సిటీలు, స్వచ్ఛంద సంస్థలు. 2025 జనవరిలో అమెరికా మళ్లీ పారిస్ ఒప్పందం నుంచి వైదొలగాలని నిర్ణయించింది. అదే ఏడాది జులై 1తో అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ పని ఆగిపోయింది. అభివృద్ధి, వాతావరణ రంగాల్లో దాని నిధుల మీద బతికిన ఎన్నో చిన్న సంస్థలు కుదేలయ్యాయి. అక్కడ చదివి అక్కడే ఉండాలనుకునేవాళ్లకు ఇది మంచి సమయమని నేను చెప్పలేను.

అయినా వెళ్తానంటే ఒక్క పని మర్చిపోవద్దు. అడ్మిషన్ రాగానే కోర్సు సీఐపీ కోడ్ (అది ఏ సబ్జెక్టు కిందికొస్తుందో చెప్పే నంబరు) ఏంటో అడగండి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కోడ్‌తో ఉంటే స్టెమ్ కిందికి వస్తుంది, ఉత్త పబ్లిక్ పాలసీ కోడ్‌తో ఉంటే రాకపోవచ్చు. పేరు చూసి మోసపోకండి, కోడే లెక్క. ఆ ఒక్క అంకె తేడాతో మీకు దొరికేది ఒక ఏడాదా, మూడేళ్లా అన్నది మారిపోతుంది. ఇంకోటి, మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. పాలసీ ఉద్యోగం 90 రోజుల్లో దొరకడం కష్టమే. అందుకే మనవాళ్లు వారానికి 20 గంటలకు తగ్గకుండా తమ సబ్జెక్టుకు సంబంధించిన చోట జీతం లేకుండా పని చేసి ఆ గడియారం ఆపుతారు. మొదటి ఓపీటీలో ఇది చెల్లుతుంది. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం ఉండి తీరాలి.

ఇక జర్మనీ. "అక్కడ చదువు ఫ్రీ" అన్న మాట నేనూ నమ్మి వెళ్లాను. నా అడ్మిషన్ వచ్చింది బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో. అక్కడ యూరప్ బయటివాళ్లకు 2017 నుంచే సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉందని లెటర్ చివరి పేజీలో చదివాను. నాలుగు సెమిస్టర్లకు 6,000. అప్పటికే నాన్న బంధువులందరికీ ఫ్రీ అని చెప్పేశారు. మ్యూనిక్ టెక్నికల్ వర్సిటీ కూడా 2024 శీతాకాలం నుంచి సెమిస్టర్‌కు 2,000 నుంచి 6,000 యూరోలు వసూలు చేస్తోంది. మిగతా చాలాచోట్ల నిజంగానే ట్యూషన్ లేదు, సెమిస్టర్ చందా మాత్రం కట్టాలి.

బ్లాక్డ్ అకౌంట్ పేరు వింటేనే ఇళ్లలో టెన్షన్. ఏడాదికి 11,904 యూరోలు, అంటే 12 లక్షల రూపాయలు దాటే మొత్తం ముందే వేసి చూపించాలి. అది ఫీజు కాదు, మీ డబ్బే. నెలకు 992 చొప్పున మీకే తిరిగొస్తుంది. దానితోపాటు భారతీయ విద్యార్థులకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల పత్రాలు సరిచూసి ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి. ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు.

క్లాసులు ఇంగ్లిష్‌లోనే. ఫ్రైబుర్గ్ వర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ గవర్నెన్స్ కోర్సు మొత్తం ఇంగ్లిష్‌లో నడుస్తుంది. ఆ ఊరే ఒక పాఠం. 1970లలో పక్కనే వీల్ గ్రామంలో అణు విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, ద్రాక్ష తోటలవాళ్లు స్థలం ఆక్రమించి కూర్చున్నారు. ఆ కేంద్రం కట్టనేలేదు. ఫ్రెంచి సైన్యం ఖాళీ చేసిన బ్యారకుల చోట ఇప్పుడు కార్లు పెద్దగా కనిపించని వోబాన్ పేట ఉంది. ఇదంతా చూసి మురిసిపోయి ఉద్యోగానికి అప్లై చేస్తే మొదటి లైనులోనే "జర్మన్ సీ1" అని, అంటే దాదాపు అనర్గళంగా రావాలని ఉంటుంది. మునిసిపాలిటీ అధికారి, రైతు, ఫ్యాక్టరీ యజమాని ఒకచోట కూర్చునే మీటింగ్ ఇంగ్లిష్‌లో జరగదు కదా. మొదటి సెమిస్టర్ నుంచే భాష మీద వారానికి పది గంటలు పెట్టగలిగితేనే జర్మనీలో స్థిరపడే ఆలోచన చేయండి. తిరిగి వచ్చేయాలనుకుంటే బీ1 (రోజువారీ అవసరాలకు సరిపడే స్థాయి) దాకా వస్తే బతుకు గడుస్తుంది. ఢిల్లీలో జీఐజెడ్ లాంటి జర్మన్ సంస్థల్లో ఆ మాత్రం భాషా, ఆ డిగ్రీ రెండూ అక్కరకొస్తాయి.

రెండుమూడేళ్లు పని చేసినవాళ్లకైతే జర్మన్ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) ఇచ్చే ఎపోస్ (EPOS) స్కాలర్‌షిప్ ఉంది. కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, డిగ్రీ వచ్చి ఆరేళ్లు దాటకూడదు. బీటెక్ అవ్వగానే అప్పు చేసి వెళ్లేకంటే రెండేళ్లు ఏదైనా సంస్థలో పని చేసి దీనికి అప్లై చేయడం నయమని నా అభిప్రాయం. వెళ్లేముందు నాకీ సలహా ఎవరూ ఇవ్వలేదు.

ఎరాస్మస్ ముండుస్‌లో మన సబ్జెక్టుకు పేరు తెచ్చుకున్నది మెస్పామ్ (MESPOM). సెంట్రల్ యూరోపియన్ వర్సిటీ, స్వీడన్‌లోని లుండ్, మాంచెస్టర్, గ్రీస్‌లోని ఏజియన్ వర్సిటీలు కలిసి నడిపిన కోర్సు. ఇలాంటి కోర్సుకు స్కాలర్‌షిప్ వస్తే రూపాయి అప్పు లేకుండా మూడు దేశాలు చూస్తారు, పది దేశాలవాళ్లతో పరిచయమవుతుంది. అంతర్జాతీయ సంస్థల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. లోటు ఏంటంటే ఏ ఊళ్లోనూ వేళ్లూనరు. గది ఖాళీ చేయడం, కొత్త రెసిడెన్స్ పర్మిట్, కొత్త బ్యాంకు ఖాతా, ఆ ఊరి భాషలో నాలుగు ముక్కలు వచ్చేలోపు మళ్లీ పెట్టె సర్దుకోవడం.

బ్రిటన్‌కు ఒక్క మాట చాలు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ఏడాది సెలవు పెట్టి రాగలిగేవాళ్లకు బాగుంటుంది. చెవెనింగ్ స్కాలర్‌షిప్ సరిగ్గా వాళ్లకోసమే, రెండేళ్ల అనుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. వేసవంతా డిసర్టేషన్‌కే పోతుంది కాబట్టి చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్‌కు చోటుండదు.

ఏఐటీ అంటే మనవాళ్లు చప్పరిస్తారు, "థాయ్‌లాండ్‌లో చదువేంటి" అని. అది 1959 నాటి సంస్థ, బ్యాంకాక్‌కు ఉత్తరాన ఉంది, దక్షిణాసియా విద్యార్థులు బోలెడంతమంది. 2011 వరదల్లో ఆ క్యాంపసే మునిగింది. వరద నిర్వహణ అక్కడ పుస్తకంలో పాఠం మాత్రమే కాదు. పైగా ఐక్యరాజ్యసమితి ఎస్కాప్ (ఆసియా-పసిఫిక్ ఆర్థిక, సామాజిక కమిషన్), యునెప్ (పర్యావరణ కార్యక్రమం) ఆసియా-పసిఫిక్ కార్యాలయాలు బ్యాంకాక్‌లోనే ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ కోసం ఇంకో దేశం విమానం ఎక్కక్కర్లేదు. ఇండియాకో ఆసియా సంస్థల్లోకో రావాలనుకునేవాళ్లకు డబ్బుకు తగ్గ చదువు.

ఇంటర్న్‌షిప్: ఫ్రీగా పని చేయాలా?

మొదట ఒక రూలు. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌షిప్‌లు డిగ్రీ చివరి ఏడాదివాళ్లకు, మాస్టర్స్, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు, పట్టా వచ్చి ఏడాది దాటనివాళ్లకు మాత్రమే. అందుకే "ముందు ఇంటర్న్‌షిప్, తర్వాత మాస్టర్స్" అన్న ప్లాన్ చాలాసార్లు తలకిందులవుతుంది. చదువు చివర్లో, మాస్టర్స్ చేస్తున్నప్పుడు, పట్టా వచ్చిన ఏడాదిలోపే ఈ తలుపులు తెరుచుకునేది.

సచివాలయం ఇంటర్న్‌షిప్‌లకు జీతం లేదు. నైరోబీలోని యునెప్ ప్రధాన కార్యాలయానిదీ అదే దారి. విమానం, గది, ఇన్సూరెన్స్ అన్నీ మీవే. 2015లో జెనీవాలో ఒక న్యూజిలాండ్ కుర్రాడు డేరాలో ఉంటూ జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసిన సంగతి ప్రపంచమంతా వార్త అయ్యింది. ఆ తర్వాత కొన్ని సంస్థలు మారాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) ఇప్పుడు స్టైపెండ్ ఇస్తుంది. మనీలాలోని ఏడీబీ, వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకు కూడా డబ్బిస్తాయి. పోటీ విపరీతం, అయినా ముందు వీటికే అప్లై చేయండి. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు వియన్నా పక్కన లాక్సెన్‌బుర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఐయాసా (IIASA) వేసవి కార్యక్రమం చూడండి. మూడు నెలలు, చివరికి ఒక పరిశోధన వ్యాసం చేతికొస్తుంది.

జర్మనీలో చదివేవాళ్లకు ఒక కిటుకు. సొంత ఇష్టంతో చేసే ఇంటర్న్‌షిప్ మూడు నెలలు దాటితే యజమాని కనీస వేతనం ఇచ్చి తీరాలి. కోర్సులో భాగంగా తప్పనిసరైతే ఇవ్వక్కర్లేదు. చిన్న సంస్థలు ప్రకటనల్లో "తప్పనిసరి ఇంటర్న్‌షిప్ వాళ్లే అప్లై చేయాలి" అని రాసేది అందుకే. మీ కోర్సులో అది తప్పనిసరి అవునో కాదో అడ్మిషన్‌కు ముందే చూసుకోండి. తప్పనిసరిదైతే ఆ రోజులు మీ 140 రోజుల కోటాలోంచి పోవు కూడా.

నా ఇంటర్న్‌షిప్ 2023 వేసవిలో బాన్‌లో, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో. పేరు చెప్పను. మూడు నెలలకు వాళ్లిచ్చింది ట్రామ్ పాసు. చదువుకునే ఊళ్లో గది ఇంకొకరికి అద్దెకిచ్చి, బాన్‌లో మరో గది తీసుకుని, రైస్ కుక్కర్ ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. మొదటి నెలంతా ఎక్సెల్ షీట్లు సర్దడమే. ఎందుకొచ్చానా అనిపించింది.

జూన్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ చర్చల మధ్యకాల సమావేశాలు మొదలయ్యాయి. ఏటా అక్కడే జరుగుతాయవి. హాల్లో వెనక వరసలో కూర్చుని ఏ దేశం ఏమందో రాసుకోవడం నా పని. తెర మీద ముసాయిదా ఉంటుంది. ఒప్పుకోని మాటల చుట్టూ చదరపు బ్రాకెట్లు. ఎవరైనా అభ్యంతరం చెప్పగానే ఇంకో బ్రాకెట్ పడుతుంది. ఆ ఏడాది అసలు ఎజెండాకే ఒప్పందం కుదరలేదు. ఉద్గారాల తగ్గింపు కార్యక్రమం ఎజెండాలో ఉండాలని యూరప్‌వాళ్లు, అలాగైతే సంపన్న దేశాలివ్వాల్సిన నిధుల మాటా ఉండాలని భారత్ ఉన్న వర్గం. రెండు వారాల సమావేశాల్లో ఎజెండా ఆమోదం పొందింది చివరి రోజుకు ముందు రోజున, అదీ రెండూ లేకుండానే. క్లాసులో ఈ చర్చలను మేము బాణం గుర్తుల బొమ్మలతో చదువుకున్నాం. ఇక్కడేమో కారిడార్‌లో కాఫీ మెషీన్ దగ్గర ఇద్దరు ప్రతినిధులు తలూపుకుంటే, మధ్యాహ్నానికి తెర మీద ఒక బ్రాకెట్ మాయమయ్యేది. నేను రోజూ రాత్రి రాసిన రెండు పేజీల నోట్సే ఆ తర్వాత నా థీసిస్‌కు ముడిసరుకు అయింది.

అలాగని ఫ్రీగా పని చేయమని చెప్పను. ఈ మూడు ఉంటే చేయండి. ఖర్చుకు పొదుపో స్కాలర్‌షిప్పో ఉండాలి, అప్పు కాదు. మీరు చేయబోయే పని ఏంటో మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాలంలో అక్కడ ఏదో ఒక పెద్ద సంగతి జరుగుతుండాలి. మూడోది లేకపోతే మిగిలేవి ఎక్సెల్ షీట్లే.

ఒక మాట మనవాళ్లకు తట్టదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, 1972 నుంచి అంతర్జాతీయ పరిశోధన సంస్థ. మెట్ట వ్యవసాయం, నీళ్లు, వాతావరణ మార్పు మీద అక్కడ జరిగే పని కోసం వేరే దేశాలవాళ్లు హైదరాబాద్ వస్తారు. లింగంపల్లి నుంచి బస్సులో వెళ్లగలిగేవాళ్లు అక్కడ అడక్కుండా నైరోబీకి అప్లై చేయడం వింతే.

వాలంటీరింగ్: డబ్బు ఎటు పోతోందో చూడండి

ఇది మూడు రకాలు. వాళ్లే మీకు ఖర్చులిచ్చేవి, ఎవరూ ఎవరికీ ఇవ్వనివి, మీరే వాళ్లకు కట్టేవి.

మొదటి రకంలో గట్టిది ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం. పేరులో వాలంటీర్ ఉన్నా నెలనెలా జీవన భృతి, ఇన్సూరెన్స్ ఇస్తారు. 18 నుంచి 26 ఏళ్లవాళ్లకు యూత్ విభాగం ఉంది. జర్మనీలో స్వచ్ఛంద పర్యావరణ సంవత్సరం అని ఒక పథకం ఉంది, 27 నిండనివాళ్లకు. అడవిలోనో పొలంలోనో బడిలోనో ఏడాది పని, పాకెట్ మనీ ఇస్తారు. జర్మన్ రావాలి. పాలసీ పెద్దగా నేర్పదు కానీ ఏడాదిలో భాష వచ్చేస్తుంది. జర్మనీలో స్థిరపడాలన్న మొండిపట్టున్న చిన్న వయసువాళ్లకు ఇది సరైనది.

రెండో రకంలో ఇంట్లో కూర్చునే చేయగలిగింది యూఎన్ ఆన్‌లైన్ వాలంటీరింగ్. వారానికి 20 గంటల లోపు, 12 వారాల వరకు. రిపోర్టులు రాయడం, అనువాదం, మ్యాపులు. పైసా ఖర్చు లేదు, వీసా గొడవ లేదు. మాస్టర్స్‌కు అప్లై చేసేముందు సీవీ బలపడాలంటే ఇదే నా మొదటి సలహా.

మూడోది భీమవరం అమ్మాయి అడిగింది. కోస్టారికాలోని టోర్టుగేరోలో తాబేళ్ల సంరక్షణ దశాబ్దాలుగా జరుగుతున్న నిఖార్సైన పని, అందులో అనుమానం లేదు. ప్రశ్న వేరే. రెండు వారాలు ఇసుకలో నడిచినందుకు లక్షలు పెట్టి మీరు నేర్చుకునే పాలసీ ఎంత? ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా జనవరి నుంచి మన విశాఖ తీరానికే వచ్చి గుడ్లు పెడతాయి, అటవీ శాఖ హేచరీలు పెడుతుంది. చెన్నైలో విద్యార్థులే 1988 నుంచి రాత్రిళ్లు తీరం వెంట నడిచి గుడ్లు కాపాడుతున్నారు. మర పడవల వలలు, తీరంలో లైట్లు, వేట నిషేధ కాలం, మత్స్యకారుల ఉపాధి, ఇవన్నీ కలిసిన పాలసీ సమస్య మీ ఇంటి పక్కనే ఉంది. ఆమెకు అదే చెప్పాను. కాస్త నిరుత్సాహపడింది.

వీసా సంగతీ చూసుకోండి. టూరిస్టు వీసా మీద వాలంటీరింగ్ చాలా దేశాల్లో ఒప్పుకోరు. బ్రిటన్ విజిటర్ వీసాలో నమోదైన ధర్మసంస్థలో మొత్తం 30 రోజులకు మించకుండా చేయొచ్చు. "టూరిస్టు వీసా చాలండీ, ఎవరూ అడగరు" అని ఏజెంట్ అంటే, అడిగినప్పుడు విమానాశ్రయంలో నిలబడేది మీరే.

మీరెవరు అన్నదాన్ని బట్టి

ఇప్పుడే బీటెక్ అయి, ఇంటిమీద అప్పు చేయాల్సి వస్తే: రెండేళ్లు ఇక్కడే పని చేయండి, ఆన్‌లైన్ వాలంటీరింగ్ జత చేయండి, తర్వాత ఎపోస్, ఎరాస్మస్. ఆగలేనంటే ఫీజు లేని జర్మన్ రాష్ట్రాల కోర్సులు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇచ్చే విదేశీ విద్యా పథకాలున్నాయి. ఆదాయ పరిమితి, దేశాల జాబితా ముందే చూసుకోండి.

గ్రూప్-1, సివిల్స్ రాస్తూ మధ్యలో విదేశం ఆలోచన వస్తే: బ్రిటన్ ఏడాది కోర్సు, లేదా ఏమీ వద్దు.

అంతర్జాతీయ సంస్థలే లక్ష్యమైతే: మెస్పామ్ లాంటిది లేదా ఏఐటీ, మధ్యలో స్టైపెండ్ ఉన్న ఇంటర్న్‌షిప్, చివర్లో యూఎన్ వాలంటీర్. ఈ వరస తిప్పకండి.

ఎక్కడికి అప్లై చేసినా ఎస్‌ఓపీలో (అడ్మిషన్ కోసం మీ గురించి రాసే వ్యాసంలో) "చిన్నప్పటి నుంచి నాకు ప్రకృతి అంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి. కొల్లేరు ఐదో కాంటూరు (అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఎత్తు గీత) గురించి రాయండి. 2002లో రామ్‌సార్ జాబితాకు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) ఎక్కిన సరస్సు, 2006లో బాంబులు పెట్టి చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఆపరేషన్, మళ్లీ లేచిన చెరువులు. చేపల చెరువు లీజుకిచ్చిన మీ బాబాయి ఏమంటాడో, పక్షుల కోసం వచ్చే అధికారి ఏమంటాడో రెండూ రాయగలిగితే ఆ పేజీని ప్రొఫెసర్ చివరిదాకా చదువుతారు.

తేదీలు: చెవెనింగ్ ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూసేస్తారు. ఎరాస్మస్ కోర్సులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య. ఏపీఎస్‌కు వారాలు పడుతుంది, అడ్మిషన్ వచ్చేదాకా ఆగకుండా మార్కుల మెమోలు చేతికి రాగానే పెట్టేయండి.